నిప్పుకు పొరుగు కావాలి

విద్యుత్కేంద్రాలు బొగ్గులోని శక్తిలో సగానికి పైగా వృథాగా వదిలివేస్తున్నాయి. ఆ వేడిని పట్టుకొని వాడుకున్న దేశాలున్నాయి, ఊళ్లున్నాయి. ఆవిరి యుగం కట్టిన ఖరగ్‌పూర్ వంటి పట్టణం వాటినుంచి నేర్వవలసినదేమిటి?

నిప్పూ నీరూ కలిసి కట్టిన ఊళ్లు మన దేశంలో కొన్ని ఉన్నాయి. పశ్చిమ బెంగాల్‌లోని ఖరగ్‌పూర్ అటువంటిది. 1887లో ఏర్పడిన బెంగాల్ నాగపూర్ రైల్వే కంపెనీ, ఆ శతాబ్దపు చివరి సంవత్సరాలలో మేదినీపూర్ జిల్లాలోని ఎర్రమట్టి మెరక నేలను ఎంచుకొని, అక్కడొక జంక్షనును, దాని చెంతనే పెద్ద కర్మాగారాన్ని, చుట్టూ ఉద్యోగుల నివాసాలను నెలకొల్పింది. 1902లో వాల్తేరు నుంచి కటకం వరకు గల తూర్పుకోస్తా మార్గం ఈ కంపెనీ అధీనంలోకి వచ్చింది. ఆ మార్గం వెంటే శ్రీకాకుళం, విజయనగరం, విశాఖపట్నం ప్రాంతాలనుంచి తెలుగువారు వేల సంఖ్యలో తరలివెళ్లి ఖరగ్‌పూర్‌లో స్థిరపడ్డారు. ఫిట్టర్లుగా, కమ్మరులుగా, ఫైర్‌మన్లుగా, కూలీలుగా వారు ఆవిరి యంత్రానికి ఊడిగం చేశారు. 1927లో ఆ కర్మాగారాన్ని కుదిపిన కార్మికుల సమ్మె కాలంలో, రైల్వే కార్మిక సంఘ నాయకులలో ఒకరు తరువాత రాష్ట్రపతి పదవిని అలంకరించిన వి.వి. గిరి. 2020 డిసెంబరులో పశ్చిమ బెంగాల్ ప్రభుత్వం తెలుగుకు అధికార భాష హోదాను ప్రకటించిందంటే, దానికి మూలం ఈ పట్టణపు తెలుగు జనాభాయే.

2013 వరకు ఖరగ్‌పూర్ పేరు చెప్పగానే, ప్రపంచంలోకెల్లా పొడవైన రైల్వే ప్లాట్‌ఫారం అందరికీ గుర్తుకువచ్చేది. ఆ కీర్తి తొలుత గోరఖ్‌పూర్‌కు, ఆ పిమ్మట హుబ్బళ్లికి తరలిపోయింది. అంతకంటె ముందే, ఎవరూ గమనించకుండా, మరొకటి కూడా ఈ ఊరినుంచి తరలిపోయింది. అది నిప్పు.

ఎక్కడికి పోయింది ఆ నిప్పు?

ఆవిరి ఇంజను తన పొయ్యిని తన వెంట మోసుకు తిరిగేది. యంత్రంగా చూస్తే అది మహా దుబారాకోరు. బొగ్గులోని శక్తిలో నూటికి పది పాళ్లు కూడా చక్రాలకు అందేవి కావు. మిగిలిన తొంభై పాళ్లూ పొగగొట్టంనుంచి, ఆవిరి రూపంలో, ఆకాశానికి సమర్పణమయ్యేవి. అయినా ఆ వృథాలో కొంత మనిషికి చేరువగా ఉండేది. ఇంజను సిబ్బంది కొలిమి తలుపు పైనున్న పలకమీద టీ కెటిలు కాచుకొనేవారు. సగం కాలిన బొగ్గు ముక్కలను ఏరుకొనివెళ్లి రైల్వే బస్తీల ఇల్లాళ్లు పొయ్యి రాజేసుకొనేవారు. పేదవాని లెక్కలో వృథా అనేది లేదు. అందిన సెగనంతా అతడు వాడుకుంటాడు.

1960ల చివరికి హౌరా-ఖరగ్‌పూర్ మార్గంలో విద్యుత్ తీగలు వచ్చాయి. 1995 డిసెంబరుతో దేశంలో బ్రాడ్‌గేజ్ మార్గాలపై ఆవిరి ఇంజన్ల రోజువారీ సేవ ముగిసింది. పొగ లేదు, మసి లేదు. ఇంధనం సైతం ఎంతో ఆదా అయినది. ఈ మార్పును ఎవరూ కాదనలేరు. కాని నిప్పు ఆరిపోలేదు, కనుచూపు మేర దాటి వెళ్లిందంతే. హౌరానుంచి ఖరగ్‌పూర్ వెళ్లే ప్రయాణికునికి దారిలో, రూప్‌నారాయణ్ నది దాటగానే, కోలాఘాట్ థర్మల్ విద్యుత్కేంద్రపు పొగగొట్టాలు కనబడతాయి. 210 మెగావాట్ల యూనిట్లు ఆరింటితో 1980లలోను, 1990లలోను నిర్మితమైన కేంద్రమది. అటువంటి కేంద్రంలో మండే బొగ్గు శక్తిలో మూడింట ఒక వంతుకు కాస్త మించి విద్యుత్తుగా మారుతుంది. తక్కినది నీటిలోకో గాలిలోకో పోతుంది. ఖరగ్‌పూర్ ఇల్లాలు ఆ సెగతో ఏమీ వండుకోలేదు. అది యాభై కిలోమీటర్లకు పైబడిన దూరంలో ఉన్నది.

ప్రకృతి విధించిన సుంకం

ఈ వృథాకు ఇంజనీర్ల అసమర్థత కారణం కాదు. ఉష్ణాన్ని పనిగా మార్చే ఏ యంత్రమైనా, తాను పుచ్చుకొన్న వేడిలో కొంత భాగాన్ని చల్లని చోట వదలవలసిందేనని 1824లోనే ఫ్రెంచి యువకుడు సాదీ కార్నో సూచించాడు. దానిని ప్రకృతి విధించిన సుంకమనవచ్చు.

ఆ సుంకం ఎంత పెద్దదో ఒక చిన్న లెక్క చూపుతుంది. కిలో నీటిని మంచు చల్లదనంనుంచి మరిగే స్థితికి తేవడానికి 100 కిలో కేలరీలు చాలు. ఆ మరిగే నీటిని ఆవిరిగా మార్చడానికి మాత్రం మరి 540 కిలో కేలరీలు కావాలి. టర్బైనును తిప్పి అలసిపోయిన ఆవిరి తిరిగి నీరయ్యేటప్పుడు, దానిలో దాగిన ఈ వేడి అంతా బయటపడుతుంది. విద్యుత్తు గరిష్ఠంగా రావాలంటే ఆవిరిని వీలైనంత చల్లబరచాలి. కనుక బయటపడే వేడి నలభై డిగ్రీలకు కాస్త అటూ ఇటుగా మాత్రమే ఉంటుంది. పరిమాణం కొండంత, వాడి గోరంత. దానితో అన్నం ఉడకదు, చక్కెర పాకం కట్టదు.

అయితే టర్బైనులో ఆవిరిని పూర్తిగా పిండివేయక, నూరు డిగ్రీలో, నూట యాభై డిగ్రీలో ఉండగానే బయటికి తీసుకొంటే? విద్యుత్తు కొంత తగ్గుతుంది. కాని చేతికందే ఉష్ణం పనికివచ్చే సరుకవుతుంది. రెండూ కలిపి చూస్తే, ఇంధనంలోని శక్తిలో నూటికి ఎనభై పాళ్లకు మించి వాడుకలోకి తేవచ్చు. దీనినే ఉష్ణ-విద్యుత్ సహోత్పత్తి అంటారు. పరిశ్రమల్లో వాడుకగా కోజనరేషన్ అంటారు.

మన పెద్దలకు ఇది తెలియని విద్య కాదు. పాతకాలపు వంటిళ్లలో అన్నం వండే పొయ్యికి ఆనించి వెనుకగా మరొక చిన్న పొయ్యి కట్టేవారు. దానికి వేరే కట్టెలు అక్కరలేదు. పెద్ద పొయ్యినుంచి తప్పించుకొన్న మంట అందులోకి పాకి, పాలనో పప్పునో కాచిపెట్టేది. అయితే ఒక షరతు. రెండో పొయ్యి మొదటిదానికి ఆనుకొని ఉండాలి. విద్యుత్తు తీగమీద వెయ్యి కిలోమీటర్లు పరుగెత్తగలదు. వేడి అలా పరుగెత్తలేదు. చైనాలోని తైయువాన్ నగరానికి సుమారు 40 కిలోమీటర్ల దూరంనుంచి వేడినీటి గొట్టాలు వేశారు. అంత దూరం చేరవేయడం గొప్ప సాహసమని లోకం చెప్పుకొన్నది. వేడికి పొరుగు కావాలి. ఈ శాస్త్రానికంతటికీ ఇదే కీలకం.

చలిదేశాల గొట్టాలు

చలిదేశాలకు ఈ పొరుగు సులభంగా దొరికింది. 1877లో అమెరికాలోని లాక్‌పోర్ట్ పట్టణంలో బర్డ్‌సిల్ హాలీ అనే ఇంజనీరు ఒకే బాయిలరునుంచి భూగర్భ గొట్టాల ద్వారా పలు భవనాలకు ఆవిరిని అమ్మడం ప్రారంభించాడు. 1903లో డెన్మార్క్‌లోని ఫ్రెడెరిక్స్‌బెర్గ్ పురపాలక సంఘం తన చెత్తను కాల్చి, ఆ మంటతో విద్యుత్తునూ, సమీపాననున్న ఆసుపత్రికి వేడినీ సమకూర్చింది. 1924లో లెనిన్‌గ్రాడ్ విద్యుత్కేంద్రంనుంచి ఫోంటాంకా వీథిలోని ఒక ఇంటికి వేడినీరు చేరింది. సోవియట్ నగరాల బ్రహ్మాండమైన ఉష్ణ సరఫరాకు అదే అంకురం. లండన్‌లో బ్యాటర్‌సీ విద్యుత్కేంద్రపు వేడిని 1950నుంచి థేమ్స్ నది అడుగున గొట్టాల ద్వారా ఆవలి ఒడ్డునున్న పింలికో నివాసాలకు పంపారు.

ఈ విద్యను జాతీయ విధానంగా మార్చిన దేశం డెన్మార్క్. 1973లో చమురు ధరలు మండిపోయినప్పుడు, ఆ దేశం తన శక్తి అవసరాలలో నూటికి తొంభై పాళ్లు దిగుమతి చమురుమీదనే ఆధారపడి ఉన్నది. 1979లో ఉష్ణ సరఫరా చట్టం చేసి, ఏ పేటకు ఏ గొట్టం వేయాలో స్థానిక సంస్థలే నిర్ణయించేలా ఏర్పాటు చేసింది. నేడు ఆ దేశపు ఇళ్లలో మూడింట రెండు వంతులు ఉమ్మడి ఉష్ణ సరఫరాతోనే వెచ్చబడుతున్నాయి.

వేసవిలో నలభై డిగ్రీలు దాటే ఖరగ్‌పూర్‌కు, శీతకాలంలోనూ ఒక దుప్పటితో సరిపుచ్చుకొనే మన కోస్తా జిల్లాలకు ఈ గొట్టాలు దేనికన్న ప్రశ్న సహజమే. ఇళ్లకు అక్కరలేదు, నిజమే. కాని వేడిని కోరే పొరుగు ఇల్లొక్కటేనా?

మన దేశపు పొరుగులు

చెరకు మిల్లును చూడండి. వంద టన్నుల చెరకు గానుగాడితే దరిదాపు ముప్పై టన్నుల పిప్పి వస్తుంది. దానిని బాయిలరులో మండించి ఆవిరి పుట్టించి, మొదట టర్బైనును తిప్పి, ఆ పిమ్మట అదే ఆవిరితో చెరకు రసాన్ని కాచి చక్కెర తీస్తారు. పొయ్యి, పొరుగు ఒకే ప్రహరీలో ఉన్నాయి. మిగిలిన విద్యుత్తు తీగలకెక్కుతుంది. 2023 నాటికి దేశంలో పిప్పితో నడిచే సహోత్పత్తి సామర్థ్యం తొమ్మిది వేల మెగావాట్లు దాటింది. ధాన్యాన్ని ఉప్పుడు చేసే రైసుమిల్లులది కూడా ఇదే బాట. ధాన్యపు బరువులో ఐదో వంతు ఊక. ఆ ఊక మంటతోనే వడ్లు ఉడుకుతాయి, ఆరుతాయి.

విశాఖ ఉక్కు కర్మాగారంలో వెయ్యి డిగ్రీలకు పైగా మండుతూ కొలిమినుంచి బయటపడే కోక్ బొగ్గును నీళ్లు చల్లి ఆర్పరు. నైట్రోజన్ వాయువును దాని గుండా పంపి, ఆ వేడితో ఆవిరి పుట్టిస్తారు. ఆ ఆవిరి 7.5 మెగావాట్ల టర్బైన్లు రెండింటిని తిప్పి, అటుపై కర్మాగారపు ఇతర అవసరాలకు వెళుతుంది. మణుగూరులోని భారజల కర్మాగారానికి అపారమైన ఆవిరి కావాలి. అక్కడ సింగరేణి బొగ్గుతో ఆవిరినీ విద్యుత్తునూ జంటగా ఉత్పత్తి చేస్తారు. రాజస్థాన్‌లో కోట భారజల కర్మాగారాన్ని పొరుగునున్న అణు విద్యుత్కేంద్రపు ఆవిరిని వాడుకొనేలా నిర్మించారు. కల్పాక్కంలో అణు విద్యుత్కేంద్రపు ఆవిరితో రోజుకు 45 లక్షల లీటర్ల సముద్రజలాన్ని మంచినీరుగా మార్చగల యంత్రాగారాన్ని నెలకొల్పారు.

ఖరగ్‌పూర్‌కు చేరువలోనే, పూర్వపు ఉమ్మడి మేదినీపూర్ జిల్లాలోని హల్దియా రేవులో, కోక్ కొలుముల వేడి వాయువులతో నడిచే 120 మెగావాట్ల టాటా పవర్ కేంద్రమున్నది. అది వేడిని విద్యుత్తుగా మారుస్తుందే కాని వేడిగా అమ్మదు. అయినా ఆకాశం పాలయ్యే సెగకు విలువ కట్టిన ఉదాహరణగా అది చెప్పుకోదగినదే.

బజారు మారిన వేళ

వేడికి పొరుగు దొరికినంత మాత్రాన కథ సుఖాంతం కాదు. సహోత్పత్తి ఒకే పొయ్యిమీద రెండు సరుకులు తయారుచేస్తుంది. వాటి బజార్లు మాత్రం వేరు. ఆసుపత్రికి, చక్కెర మిల్లుకు ఆవిరి కావలసిన వేళ కావలసిందే. విద్యుత్తు ధర అలా కాదు, అది గడియకొక తీరు.

మన 2003 విద్యుత్ చట్టం సహోత్పత్తిని ప్రోత్సహించే బాధ్యతను రాష్ట్ర నియంత్రణ మండళ్లకు అప్పగించింది. 2008లో దేశంలో విద్యుత్తుకు ఎక్స్‌ఛేంజి వెలిసింది. 2020 జూన్‌లో గంట ముందు కొని గంటలో వాడుకొనే తరహా తక్షణ విపణి కూడా వచ్చింది. ఇంతలో సౌరవిద్యుత్తు విస్తరించింది. మిట్ట మధ్యాహ్నం విద్యుత్తు చవక, పొద్దుగూకిన తరువాత ప్రియం. 2023లో కేంద్రం సవరించిన నిబంధనలు ఈ తేడాను వినియోగదారుని బిల్లులోకే తెచ్చాయి. ఎండ కాచే గంటలలో ధర మామూలుకంటె కనీసం ఐదో వంతు తక్కువ ఉండాలని, వాణిజ్య, పారిశ్రామిక వినియోగదారులకు రద్దీ గంటలలో కనీసం ఐదో వంతు ఎక్కువ ఉండాలని అవి నిర్దేశించాయి.

ఈ బజారులో పగలంతా ఆవిరి కోసం నడిచే సహోత్పత్తి కేంద్రం, తన విద్యుత్తును చవక ధరకే తెగనమ్ముకోవలసివస్తుంది. దీనికి డెన్మార్క్ కనిపెట్టిన విరుగుడు సులభమైనది. పెద్ద పెద్ద ఇనుప తొట్లలో వేడినీటిని నిలవచేయడమే. విద్యుత్తు ధర బాగున్న గంటలలో యంత్రం నడిపి వేడిని దాచుకొంటారు. ధర పడిపోయినప్పుడు యంత్రం ఆపి, దాచిన వేడినే పంచుతారు. విద్యుత్తును బ్యాటరీలో దాచడంకంటె వేడిని తొట్టిలో దాచడం ఎంతో చవక. గొట్టాలు ఒకసారి వేశాక, పొయ్యిని మార్చడమూ సాధ్యమే. 2024లో ఎస్బియర్గ్ రేవు పట్టణంలో బొగ్గు కేంద్రం మూతబడింది. దాని స్థానాన్ని భర్తీచేసే ఏర్పాట్లలో ప్రధానమైనది సముద్రపు నీటినుంచి వేడిని తోడే భారీ పంపు. పొయ్యి మారింది, వాడకందారు మారలేదు, గొట్టం మారలేదు.

రెండో విరుగుడు ఒప్పందాల నిలకడ. ఇందుకు తెలుగునాటి అనుభవమే పాఠం. ఆంధ్రప్రదేశ్‌లో ప్రభుత్వ ప్రోత్సాహాన్ని నమ్మి పిప్పి, జీవద్రవ్య విద్యుత్కేంద్రాలు నెలకొల్పినవారికి, 2004లో నియంత్రణ మండలి కొనుగోలు ధరను సవరించడంతో చిక్కు వచ్చిపడింది. వివాదం సుప్రీంకోర్టుకెక్కింది. 2010లో తీర్పు వెలువడింది. ప్రజల బిల్లు భారం కాకుండా చూడడం మండలి ధర్మం. పెట్టుబడి పెట్టినవాడు ఆశించిన ధర అందాలనుకోవడం న్యాయం. రెంటి నడుమ ఆరేళ్లు గడిచాయి. పాతికేళ్లు మన్నవలసిన బాయిలరుకు అది చిన్న కాలం కాదు.

వేడితో చలువ

ఇక ఖరగ్‌పూర్‌కు తిరిగి వద్దాం. ఈ ఊరికి వేడి అక్కరలేదన్నాము. చలువ మాత్రం కావాలి. వింతేమంటే, వేడితోనే చలువను పుట్టించవచ్చు. 1859లో ఫెర్డినాండ్ కారే అనే ఫ్రెంచి ఇంజనీరు అమ్మోనియా, నీరు కలిపిన ద్రావణాన్ని వేడిచేసి మంచుగడ్డ తయారుచేసే యంత్రాన్ని నిర్మించాడు. నేడు లిథియం బ్రోమైడ్ ద్రావణంతో పనిచేసే యంత్రాలు ఆసుపత్రులను, కర్మాగారాలను చల్లబరుస్తున్నాయి. తొంభై డిగ్రీల లోపు వేడినీరు వాటికి చాలు. సాధారణ రకం యంత్రానికి వంద పాళ్ల వేడి ఇస్తే డెబ్బై పాళ్ల చలువ ఇస్తుంది. ఒకే కేంద్రంనుంచి పేటకంతటికీ చల్లని నీటిని గొట్టాలతో పంచే పద్ధతిని గుజరాత్‌లోని గిఫ్ట్ సిటీ ఇప్పటికే ఆచరిస్తున్నది. అక్కడ చలువకు ఆధారం విద్యుత్తు. వేడి చౌకగా దొరికే చోట ఆ పనిని వేడికి అప్పగించవచ్చు.

ఖరగ్‌పూర్ చుట్టుపట్ల ఇనుము కర్మాగారాలున్నాయి. కొలుముల వాయువులతో సొంతానికి విద్యుత్తు చేసుకొనే పద్ధతి వాటికి కొత్త కాదు. ఆ తరువాత కూడా మిగిలే తక్కువస్థాయి వేడి ఎవరికీ అక్కరకు రాక పోతుంది. రెండో వైపు చూస్తే, పశ్చిమ మేదినీపూర్ జిల్లా బెంగాల్‌లో బంగాళాదుంప బాగా పండే జిల్లాలలో ఒకటి. వసంతంలో తవ్విన దుంపలను వేసవి, వానకాలాలంతా శీతల గిడ్డంగులలో మూడు నాలుగు డిగ్రీల చలిలో కాపాడాలి. గిడ్డంగికి ప్రధానమైన ఖర్చులలో ఒకటి విద్యుత్తు. కరెంటు పోతే దుంప కుళ్లుతుంది. కుళ్లిన దుంప వెంట రైతు సంవత్సరపు కష్టమూ పోతుంది. అమ్మోనియా ద్రావణ యంత్రాలు అంతటి చలిని వేడితోనే ఇవ్వగలవు.

ఇక్కడ చిక్కొకటి ఉన్నది. ఇప్పుడున్న గిడ్డంగులు చంద్రకోణా, గడ్‌బేతా వంటి దుంప పండే పల్లెల చెంత ఉన్నాయి. వేడి అంత దూరం పోలేదు. కాని దుంప రాగలదు. లారీ ఎక్కుతుంది, రైలు ఎక్కుతుంది. ఎటుచూచినా రైలుపట్టాలున్న ఖరగ్‌పూర్ అందుకు తగిన ఊరు. కదలలేనిదాని దగ్గరికి కదలగలదానిని చేర్చడమే ఈ శాస్త్రంలో సగం వివేకం.

ఇది లాభసాటి అని ముందుగా ఎవరూ హామీ ఇవ్వలేరు. కర్మాగారం మరమ్మతుకు ఆగినప్పుడు చలువ ఎవరిస్తారు, గొట్టం ఖర్చు ఎన్నేళ్లలో తిరిగివస్తుంది, వేడికి ధర ఎవరు నిర్ణయిస్తారు అన్న లెక్కలు వేసి చూడాలి. లెక్క కుదరని చోట మానుకోవాలి. ఇనుము కర్మాగారమే మూతబడితే గిడ్డంగి గతి ఏమిటన్నది కూడా ఆలోచించదగినదే. ఒకే పొయ్యిని నమ్ముకొన్న పొరుగుకు రెండో దారి తప్పనిసరి.

కాని ఆ లెక్క వేయడానికి సరైన సమయం ఒక్కటే. అది స్థలాలు కేటాయించే సమయం. పారిశ్రామిక వాడలో ఎవరికి ఏ ప్లాటు అన్న పటం గీసేటప్పుడు రోడ్డు, నీరు, కరెంటు, మురుగునీరు గురించి అడుగుతాము. అదే పత్రంలో మరి రెండు ప్రశ్నలు చేర్చడానికి ఖర్చు లేదు. ఈ కర్మాగారం ఎన్ని డిగ్రీల వేడిని బయట వదులుతుంది? దాని పక్క ప్లాటువానికి ఎన్ని డిగ్రీలు కావాలి? ఈ రెండు జవాబులను పక్కపక్కన పెట్టి చూచే అధికారి ఒక్కడున్నా, ఎన్నో టన్నుల బొగ్గు నేలలోనే ఉండిపోతుంది. ప్రహరీలు లేచాక, రోడ్లు పడ్డాక, అదే గొట్టం వేయడానికి పదింతల శ్రమ.

ఒక శతాబ్దం క్రితం ఒక రైల్వే కంపెనీ, కర్మాగారానికి నడిచివెళ్లే దూరంలో కార్మికుని ఇల్లు ఉండాలని ఆలోచించి ఖరగ్‌పూర్ పటం గీసింది. మనిషి విషయంలో చూపిన ఆ ముందుచూపు నిప్పు విషయంలోనూ చూపవలసిన కాలమిది.